మహమ్మారి మిగిల్చిన నిద్ర

నిద్ర విషయంలో మనకు ఇద్దరు ప్రసిద్ధులున్నారు. ఒకరు కుంభకర్ణుడు, రెండవది ఊర్మిళ. మొదటివాడి పేరు తెలుగునాట తిట్టుగా స్థిరపడింది. పొద్దెక్కేదాకా ముసుగు తీయని ప్రతి పిల్లవాడూ ఏదో ఒకనాడు ఆ పేరుతో పిలిపించుకున్నవాడే. రెండవ ఆమెను మన ఆడవాళ్ళు పాటలో దాచుకున్నారు. వాల్మీకి పెద్దగా పట్టించుకోని ఆ ఇల్లాలి చేత పద్నాలుగేళ్ళు నిద్రపోయించి, ఆ నిద్ర చుట్టూ "ఊర్మిళాదేవి నిద్ర" అన్న పాట అల్లుకున్నారు. వరమో, శాపమో, పతిభక్తో, ఈ ఇద్దరి నిద్రకూ ఏదో ఒక దైవికమైన కారణం కథలో ఉన్నది. నిద్ర ఒక రోగం కావచ్చునన్న ఊహ మాత్రం ఆ కథల్లోనూ లేదు, ఆ తరువాత చాలాకాలం వైద్యుల్లోనూ లేదు. ఎక్కువగా నిద్రపోయేవాడు సోమరి, అసలు నిద్రపట్టనివాడు మనసు చెడినవాడు. లోకం తీర్పు ఇంతే.

ఆ తీర్పు మొదటిసారి గట్టిగా కదిలింది వియన్నాలో, మొదటి ప్రపంచయుద్ధం నడుమ. యుద్ధజ్వరాల చరిత్ర చెప్పేవారు 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా గురించి పుటలకు పుటలు రాస్తారు. ఆ మహమ్మారితో పాటే, కొంచెం ముందుగా బయలుదేరి, దానికంటే చాలాకాలం నిలిచి, చివరకు ఎటు పోయిందో తెలియకుండా పోయిన నిద్రాజాడ్యం గురించి ఒక పేరాతో సరిపెడతారు. ఆ పేరాను కొంచెం విప్పి చూడాలని ఈ ప్రయత్నం.

* * *

1916 నవంబరులో ముసలి చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ కన్నుమూశాడు. వియన్నాలో తిండికి, బొగ్గుకు కటకటగా ఉన్న చలికాలం అది. నగరంలోని మనోవైద్యశాలకు కొందరు చిత్రమైన రోగులు రాసాగారు. ఒకరిని మెదడు పొరల వాపు అని పంపారు, ఒకరిని సన్నిపాతమని, మరొకరిని నరాల జబ్బు అని. వచ్చినవారి కాగితాల మీద తలొక పేరు ఉన్నా, కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకొనొమో అనే వైద్యుడికి వారందరిలో ఒకే పోలిక కనిపించింది. అందరూ నిద్రపోతున్నారు.

ఈ ఎకొనొమో సామాన్యుడు కాడు. 1876లో రుమేనియాలోని బ్రయిలా రేవులో ఒక సంపన్న గ్రీకు కుటుంబంలో పుట్టాడు. త్రియెస్తెలో పెరిగాడు. తండ్రి కోరిక మీద మొదట ఇంజనీరింగు చదివి, ఆ తరువాత తన ఇష్టం కొద్దీ వైద్యం చదివాడు. బెలూన్లు, విమానాలు నడపడమంటే ప్రాణం. ఆస్ట్రియా ఏరో క్లబ్బుకు అధ్యక్షుడు కూడా. యుద్ధం రాగానే విమాన చోదకుడిగా వెళ్ళాడు. తమ్ముడు యుద్ధంలో పోవడంతో తల్లిదండ్రులు బతిమాలగా 1916లో వెనక్కు వచ్చి ఆసుపత్రిలో చేరాడు. ఆయన ఆకాశంలోనే ఉండిపోయి ఉంటే ఈ వ్యాధికి మరెవరి పేరో ఉండేది. అంటే, ఫ్రెంచి వైద్యుడు క్రూషే పేరు ఉండేది. ఆయన వెర్డూన్ ప్రాంతపు సైనికుల్లో చూసిన ఇటువంటి కేసులను ఎకొనొమో కంటే కొద్ది రోజుల ముందే ప్రచురించాడు. ఎవరు ముందన్న తగవు ఆ తరువాత చాలా ఏళ్ళు నడిచింది. యుద్ధంలో ఎదురెదురుగా నిలిచిన రెండు దేశాల వైద్యులు ఒకే వసంతంలో ఒకే రోగాన్ని చూశారన్నదే నాకు ఆ తగవు కంటే ఆసక్తిగా తోస్తుంది.

1917 ఏప్రిల్ 17న ఎకొనొమో వియన్నా వైద్యుల సభలో తన పరిశీలనలు చదివాడు. మే 10న అవి అచ్చయ్యాయి. వ్యాధికి ఆయన పెట్టిన పేరు ఎన్‌సెఫలైటిస్ లెథార్జికా. మనం చెప్పుకోవాలంటే, మత్తునిద్ర తెచ్చే మెదడువాపు. ఆఫ్రికాలో ఒక జాతి ఈగ కుట్టడం వల్ల వచ్చే నిద్రరోగానికీ దీనికీ సంబంధం లేదు.

మొదట తలనొప్పి, కాస్త జ్వరం, ఒళ్ళంతా నలత. తరువాత నిద్ర. కూర్చున్నచోట నిద్ర, నిలబడినచోట నిద్ర. అన్నం తింటూ, నోటిలో ముద్ద నమలడం సగంలో ఆగిపోయి నిద్ర. విశేషమేమంటే, తట్టి లేపితే లేస్తారు. పేరు చెబుతారు, ఊరు చెబుతారు, అడిగినదానికి తెలివిగానే బదులు పలుకుతారు. వదిలేసిన మరుక్షణం మళ్ళీ నిద్రలోకి జారిపోతారు. కనురెప్పలు వాలిపోతాయి, కంటి కండరాలు చచ్చుబడతాయి. కొందరిలో ఇది వారాలు, నెలలు సాగుతుంది. స్పృహ తప్పడం వేరు, ఇది వేరు. ఈ తేడాను పట్టుకోవడంలోనే ఎకొనొమో ప్రతిభ ఉన్నది. రోగి మతి చెడలేదు, మెదడు మొత్తం మసకబారలేదు. మెలకువను నిలిపి ఉంచే ఒక పని ఏదో, అది ఒక్కటే, ఆగిపోయింది.

ఇక్కడితో అయిపోలేదు. అదే వ్యాధి మరికొందరిని నిద్రకు పూర్తిగా దూరం చేసింది. వారి చేతులు కాళ్ళు ఊరికే ఉండవు, మాట ఆగదు, రాత్రి కన్ను మూతపడదు. పిల్లల్లో రాత్రీ పగలూ తలకిందులైపోయాయి. పగలంతా తూగుతూ, రాత్రంతా కేకలు వేస్తూ గంతులేసేవారు. మూడో రకం రోగులు నిద్రపోతున్నట్టూ ఉండరు, మేలుకున్నట్టూ ఉండరు. బొమ్మల్లా బిగుసుకుపోయి ఉంటారు. ఒక్కొక్కసారి కనుగుడ్లు పైకి లేచి గంటల తరబడి అక్కడే నిలిచిపోయేవి. సోకినవారిలో దాదాపు మూడో వంతు తొలి దశలోనే మరణించారు. పదేళ్ళలో ప్రపంచం మొత్తం మీద కనీసం అయిదు లక్షల మందికి ఇది వచ్చి ఉంటుందని అంచనా.

* * *

1918 వసంతంలో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. ఆ ఏడు శరత్కాలానికి అది లోకాన్ని ఊడ్చిపెట్టింది. మరణించినవారు సుమారు అయిదు కోట్ల మంది అంటారు. మన దేశంలో జూన్‌లో బొంబాయి రేవున మొదలై ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టింది. తక్కువ లెక్క వేసినా కోటి మందికి పైగా ఇక్కడే పోయారు. అటువంటి కాలంలో ఒక మనిషి మంచం మీద మత్తుగా పడి ఉంటే అది జ్వరపు నీరసమా, మరొక రోగమా అని విచారించే తీరిక ఎవరికి ఉంటుంది? ఇంగ్లండులో మొదటి నిద్రారోగులను చూసినప్పుడు నిలవ ఆహారంలోని విషం అనుకున్నారు. యుద్ధకాలం గనుక శత్రువులు తిండిలో ఏదో కలిపారన్న అనుమానం కూడా పాకింది. 1919 జనవరి నుంచి ఈ వ్యాధి సోకినవారి వివరాలు ప్రభుత్వానికి తెలపడం అక్కడ తప్పనిసరి చేశారు. 1924 ఒక్క ఏట ఇంగ్లండు, వేల్స్‌లలో అయిదు వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. అప్పటికి ఫ్లూ మాట జనం మరచిపోసాగారు.

ఈ రెండు వ్యాధులకూ ఏమిటి సంబంధం? నూరేళ్ళుగా తెగని వివాదం ఇది. సంబంధం ఉన్నదనేవారికి పాత జ్ఞాపకం ఒకటి ఆధారం. 1889-90లో వచ్చిన "రష్యన్ ఫ్లూ" తరువాత ఉత్తర ఇటలీలో "నోనా" అనే నిద్రరోగం వ్యాపించిందని జనం చెప్పుకునేవారు. ఎకొనొమోకు కూడా ఆ కథ ఇంటివాళ్ళ నోట విన్నదే. కానీ ఆయన మాత్రం రెండు రోగాలూ వేరన్న వాదన వదలలేదు. నిద్రాజాడ్యపు తొలి కేసులు ఫ్లూ కంటే ఏడాదికి పైగా ముందువి. వెనుక వచ్చినది ముందున్నదానికి కారణం ఎలా అవుతుంది?

సంబంధం ఉన్నదన్న పక్షానికి బలమైన వాదం 1982లో వచ్చింది. రావెన్‌హోల్ట్, ఫేగీ అనే ఇద్దరు ఒక వ్యాసం ప్రచురించారు. విలియం ఫేగీ మనకు కొత్తవాడేమీ కాదు. 1970లలో మన దేశంలో మశూచి నిర్మూలన కోసం ఊరూరూ తిరిగినవారిలో ఆయన ఒకడు. వీరు పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల లెక్కలు తీశారు. 1918 నవంబరులో తలూన్ అనే ఓడ న్యూజీలాండు నుంచి పశ్చిమ సమోవాకు ఫ్లూను మోసుకువచ్చింది. సుమారు 8,500 మంది, అంటే జనాభాలో అయిదో వంతుకు పైగా, కొద్ది వారాల్లో చనిపోయారు. కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నరు పోయర్ రేవులు మూసివేశాడు. అక్కడ ఫ్లూతో ఒక్కరు కూడా పోలేదు. ఆ తరువాతి సంవత్సరాల్లో పశ్చిమ సమోవాలో నిద్రాజాడ్యంతో 79 మంది మరణించగా, రెండవ చోట ఇద్దరే. సియాటిల్ నగరపు మరణాల పట్టికల్లోనూ ఫ్లూ అలల వెంట సుమారు ఏడాది ఎడంతో నిద్రాజాడ్యపు అలలు కనపడ్డాయి.

చదివినప్పుడు ఇంకేం కావాలి అనిపిస్తుంది. అయితే 2001లో అమెరికాలో పాత నిద్రారోగుల మెదడు ముక్కలను, దశాబ్దాల పాటు సీసాల్లో భద్రపరచినవాటిని, తీసి పరీక్షించినప్పుడు ఫ్లూ వైరసు జాడ ఏమీ దొరకలేదు. 2004లో లండన్ వైద్యులు ఇటువంటి లక్షణాలే ఉన్న ఇరవైమంది రోగులను వర్ణించి, వారి రక్తంలో తమ మెదడు కణాల మీదనే దాడి చేసే ప్రతిరక్షకాలు ఉన్నాయని చూపారు. వైరసు నేరుగా మెదడులో దిగి పాడుచేయనక్కరలేదు. ఒంటి కాపలాదారును రెచ్చగొట్టి పోతే చాలు, దొంగ వెళ్ళిపోయాక కాపలావాడే ఇల్లు తగలబెట్టగలడు. 1917 నాటి రోగానికి ఇదే కారణమని ఎవరూ రుజువు చేయలేదు. నాకు మాత్రం సమోవా లెక్క తీసిపారేయదగినది కాదనీ, ఖాళీ సీసా కూడా అంతే నిజమనీ అనిపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకోక తప్పదు. ఈ "కాపలావాడి" ఊహ ముందు ముందు మళ్ళీ అవసరపడుతుంది.

* * *

బతికినవారి బతుకే అసలు కథ. తొలి మత్తు వదిలాక చాలామంది ఇళ్ళకు వెళ్ళారు, ఉద్యోగాల్లో చేరారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. కొందరికి నెలల్లో, కొందరికి ఏళ్ళ తరువాత చేయి వణకడం మొదలైంది. నడక మందగించింది. ముఖంలో కవళికలు పోయాయి. కొందరు కుర్చీలో కూర్చోబెట్టినచోట కూర్చున్నట్టే దశాబ్దాలు గడిపారు. పిల్లల సంగతి మరీ దారుణం. నెమ్మదిగా, బుద్ధిగా ఉన్న పిల్లలు జ్వరం తగ్గాక అబద్ధాలాడడం, దొంగతనాలు చేయడం, తోటివారిని కొట్టడం మొదలుపెట్టారు. చేశాక ఏడ్చేవారు, మళ్ళీ చేసేవారు. బడులు వారిని వెళ్ళగొట్టాయి. కొందరు న్యాయస్థానాల ముందు నిలబడ్డారు. లండన్ శివారు విన్చ్‌మోర్ హిల్‌లో 1925లో ఇటువంటి పిల్లల కోసమే ఒక ఆసుపత్రి విభాగం తెరవవలసి వచ్చింది. అది జైలు కాదు, పిచ్చాసుపత్రి కాదు, బడీ కాదు. ఆ పిల్లలను ఎక్కడ పెట్టాలో తెలియని సమాజం కట్టుకున్న నాలుగో రకం గది.

ధనం అడ్డురాలేదు. అమెరికాలో జె.పి. మోర్గన్ (కొడుకు) భార్య 1925లో ఈ వ్యాధితోనే పోయింది. రంగుల వ్యాపారంలో కోట్లు గడించిన విలియం మాథెసన్ తనకే ఈ రోగం రావడంతో న్యూయార్కులో ఒక పరిశోధక సంఘాన్ని నెలకొల్పాడు. ఆ సంఘం 1929లో, 1932లో, 1939లో పెద్ద నివేదికలు వెలువరించింది. టీకాలు ప్రయత్నించింది. మందు దొరకలేదు. ఈలోగా 1920ల చివరికి కొత్త కేసులు వాటంతట అవే తగ్గిపోయాయి. రోగం పోయింది, రోగులు మిగిలారు. పత్రికలకు వార్త లేదు, దాతలకు తొందర లేదు.

ఇప్పుడు మన దగ్గరి మాట ఒకటి. మన కంచెల మీద పాకే దూలగొండి తీగ తెలియని పల్లెవాసి ఉండడు. కాయ మీది నూగు తగిలితే ఒళ్ళంతా దురద. ఆయుర్వేదులు దాన్ని కపికచ్ఛువు అంటారు, గింజలను శుద్ధి చేసి వాతరోగాలకు వాడతారు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు ఆ గింజల నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి లండన్ పత్రికలో ప్రకటించారు. అదే ఎల్-డోపా. (పదార్థం కొత్తది కాదు. 1913లోనే ఐరోపాలో ఒక రకపు చిక్కుడు గింజల నుంచి దాన్ని తీశారు.) అప్పటికి ప్రపంచపు ఆసుపత్రుల్లో వేలమంది నిద్రారోగులు బొమ్మల్లా కూర్చుని ఉన్నారు. వారిని కదిలించగల వస్తువు మద్రాసులో ఒక సీసాలో ఉన్నది. ఈ రెంటినీ కలిపే ఆలోచన భూమి మీద ఎవరికీ లేదు. ఎందుకంటే మెదడులో డోపమైన్ అనేది ఒకటి పనిచేస్తుందనే ఎవరికీ తెలియదు.

తెలియడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. అక్కడా మన మొక్కే ఒకటి తోడ్పడింది. రక్తపోటుకూ ఉన్మాదానికీ మనవారు వాడిన సర్పగంధి నుంచి స్విస్ రసాయనజ్ఞులు 1952లో రెసర్పిన్ అనే మందు తీశారు. స్వీడన్‌లో కార్ల్‌సన్ 1957లో ఆ రెసర్పిన్‌ను కుందేళ్ళకు ఇస్తే అవి కదలక మెదలక పడిపోయాయి. ఎల్-డోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. 1960లో హార్నికీవిచ్ పార్కిన్సన్ రోగుల మెదళ్ళలో డోపమైన్ కొరవడిందని చూపాడు. ఎక్కడనుకున్నారు? మళ్ళీ వియన్నాలోనే. మరుసటి ఏడు అక్కడే రోగులకు ఎల్-డోపా సూదిమందుగా ఎక్కించి చూశారు. 1967లో అమెరికాలో కొట్జియాస్ దాన్ని పెద్ద మోతాదుల్లో నోటిద్వారా ఇచ్చే పద్ధతి స్థిరపరిచాడు.

ఆ తరువాతి ఘట్టం మీలో చాలామందికి తెలిసినదే. న్యూయార్కులోని బ్రాంక్స్‌లో బెత్ ఏబ్రహాం ఆసుపత్రికి 1966లో ఆలివర్ సాక్స్ అనే యువ వైద్యుడు వచ్చాడు. అక్కడ సుమారు ఎనభైమంది పాత నిద్రారోగులు మిగిలి ఉన్నారు. 1969లో వారికి ఎల్-డోపా ఇచ్చాడు. నలభై ఏళ్ళుగా మాట్లాడనివారు మాట్లాడారు, నడవనివారు నడిచారు. ఆయన 1973లో రాసిన "అవేకనింగ్స్" పుస్తకం, 1990లో రాబిన్ విలియమ్స్, రాబర్ట్ డి నీరో నటించిన చిత్రం ఆ వేసవిని లోకానికి చూపాయి. సినిమా చూసినవారికి ఒక మనవి. పుస్తకం కూడా చదవండి. సినిమా కన్నీళ్ళతో ఆగిపోతుంది. పుస్తకంలో వారాల తరువాత వచ్చిన ఈడ్పులు, ఆవేశాలు, భ్రమలు, మోతాదు తగ్గిస్తే మళ్ళీ శిలలు కావడం, కొందరు ఏదో ఒక మధ్యస్థితికి చేరి ఏళ్ళు గడపడం, అన్నీ ఓపికగా రాసి ఉన్నాయి.

ఆ పుస్తకంలో సాక్స్ "రోజ్ ఆర్." అని మారుపేరు పెట్టిన ఆమె ఉన్నది. 1926లో, ఇరవై ఒకటో ఏట రోగం పట్టింది. 1969లో మేలుకున్నప్పుడు ఆమె మాట, పాట, హాస్యం అన్నీ 1926 నాటివే. నడుమ గడిచిన కాలం ఆమెకు తెలియక కాదు. లెక్క తెలుసు, అద్దంలో ముఖమూ తెలుసు. కాని ఆ నలభై మూడేళ్ళు ఆమె బతికినవి కావు. మందు ఆమెకు కొద్ది వారాలకు మించి పనిచేయలేదు. ఊర్మిళ పాటలో పద్నాలుగేళ్ళ తరువాత గదిలోకి వచ్చిన లక్ష్మణుణ్ణి ఆమె గుర్తించదు. ఎవరో పరాయి మగవాడు వచ్చాడని హడలిపోయి, తన పుట్టింటి పరువు, అత్తింటి పరువు చెప్పి మందలిస్తుంది. ఆ పాట కట్టిన తల్లులకు నిద్ర లేవడమంటే ఏమిటో చక్కగా తెలుసు. నిద్రలో పోయిన కాలాన్ని మెలకువ తిరిగి తెచ్చి ఇవ్వదు. లక్ష్మణుడు తానెవరో చెప్పుకోవడంతో ఊర్మిళ కథ సుఖాంతమైంది. రోజ్‌కు ఆ చెప్పేవాళ్ళు ఎవరూ మిగలలేదు.

* * *

ఎకొనొమో తన రోగులకు మందు ఇవ్వలేకపోయాడు. వారి నుంచి ఒక రహస్యం మాత్రం తెలుసుకున్నాడు. చనిపోయినవారి మెదళ్ళను కోసి చూసి, మత్తునిద్రలో పోయినవారికి హైపోథాలమస్ వెనుక భాగంలోనూ దాన్ని ఆనుకొని ఉన్న నడిమెదడులోనూ, నిద్రలేమితో పోయినవారికి హైపోథాలమస్ ముందు భాగంలోనూ దెబ్బ ఉన్నదని గమనించాడు. అంటే నిద్రకూ మెలకువకూ మెదడులో వేర్వేరు స్థానాలు ఉన్నాయి. నిద్ర అంటే మెదడు అలసి ఊరక ఆగిపోవడమని అంతా అనుకుంటున్న రోజుల్లో ఇది పెద్ద సాహసం. 1930లో అచ్చయిన న్యూయార్కు ఉపన్యాసంలో మరో అడుగు వేశాడు. పందొమ్మిదో శతాబ్దిలో ఫ్రెంచి వైద్యుడు జెలినో నార్కొలెప్సీ అని పేరుపెట్టిన వ్యాధికి మూలం కూడా ఆ వెనుక భాగంలోనే ఉండాలన్నాడు. మరుసటి ఏడు, 55వ ఏట, ఆయన చనిపోయాడు.

నార్కొలెప్సీ ఉన్నవారిని మనమంతా ఎక్కడో ఒకచోట చూసే ఉంటాం, పేరు తెలియక "నిద్రమొహం" అని ఉంటాం. రాత్రి ఎంత పడుకున్నా పగలు నిద్ర తన్నుకువస్తుంది. పకపకా నవ్వినప్పుడు మోకాళ్ళు సడలి కూలబడిపోతారు, స్పృహ మాత్రం ఉంటుంది. నిద్ర మొదట్లోనో చివరనో ఒళ్ళు కదలక, గుండెల మీద దయ్యం కూర్చున్నట్టు ఉంటుంది. 1998లో రెండు బృందాలు విడివిడిగా హైపోథాలమస్‌లో పుట్టే ఒక రసాయనాన్ని కనుగొన్నాయి. ఒకరు హైపోక్రెటిన్ అన్నారు, మరొకరు ఒరెక్సిన్ అన్నారు. వస్తువు ఒకటే. 2000లో నార్కొలెప్సీ రోగుల మెదళ్ళు పరీక్షిస్తే, ఆ రసాయనాన్ని తయారుచేసే కణాలు దాదాపు మొత్తం మాయమై ఉన్నాయి. మనిషి మెదడులోని వేలకోట్ల కణాల్లో అవి ఉండేది డెబ్భై వేలకు కాస్త అటూ ఇటూ మాత్రమే. స్థలం కూడా సుమారుగా ఎకొనొమో వేలు పెట్టి చూపినదే.

ఆ కొద్ది కణాలను చంపుతున్నది ఎవరు? ఆ రోగుల్లో చాలామందికి ఒకే రకమైన రోగనిరోధక జన్యువు ఉన్నదని 1980లలో జపాన్ వైద్యులు గమనించారు. అప్పటినుంచి అనుమానం ఇంటి కాపలావాడి మీదనే. వాడిని రెచ్చగొట్టేది ఏమిటన్నది 2009 మహమ్మారితో కొంత బయటపడింది.

2009 ఏప్రిల్‌లో మెక్సికో, అమెరికాలలో బయటపడిన హెచ్1ఎన్1 ఫ్లూను ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 11న మహమ్మారిగా ప్రకటించింది. మన పత్రికల భాషలో అది స్వైన్ ఫ్లూ. ఐరోపాలో పాండెమ్రిక్స్ అనే టీకాను మూడు కోట్ల మందికి పైగా వేశారు. 2010 ఆగస్టులో మొదట స్వీడన్, వెనువెంటనే ఫిన్లాండు ఒక హెచ్చరిక చేశాయి. టీకా వేసుకున్న పిల్లల్లో కొందరు నార్కొలెప్సీతో వస్తున్నారు. ఫిన్లాండులో 17 ఏళ్ళలోపు వారిలో అంతకు ముందు ఏటా లక్షకు 0.31 చొప్పున ఉన్న ఈ వ్యాధి 2010లో 5.3కు చేరింది. పదిహేడు రెట్లు. ఆ ఏడు రోగం బయటపడిన 54 మంది పిల్లల్లో 50 మంది ఆ టీకా వేసుకున్నవారు. ఇంగ్లండు, నార్వే, ఐర్లండులలోనూ ఇదే కనపడింది. 2015 నాటికి ఐరోపా ఔషధ సంస్థకు అందిన కేసులు 1300కు పైగా ఉన్నాయి.

ఇక్కడ రెండు పక్షాలవారూ తొందరపడ్డారు. టీకాలంటే గిట్టనివారు ఈ లెక్కను జెండాలా ఎగరేశారు. టీకాలను సమర్థించేవారిలో కొందరు దీన్ని తగ్గించి చెప్పజూశారు. వాస్తవం ఇద్దరికీ సుఖమైనది కాదు. బీజింగ్‌లో హాన్ ఫాంగ్ బృందం 2011లో ప్రకటించిన లెక్క ప్రకారం, 2009-10 ఫ్లూ అల తరువాత చైనాలో కూడా కొత్త నార్కొలెప్సీ కేసులు సుమారు మూడు రెట్లు పెరిగాయి. ఆ రోగుల్లో టీకా వేసుకున్నవారు ఆరు శాతం కంటే తక్కువ. అంటే వైరసు తానుగా ఈ పని చేయగలదు. పాండెమ్రిక్స్ కూడా, ఆ జన్యువు ఉన్న కొందరు పిల్లల్లో, చేసింది. 2018లో స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు నార్కొలెప్సీ రోగుల రక్తంలో హైపోక్రెటిన్‌ను గురిచూసే తెల్లకణాలను పట్టుకున్నారు. హెచ్చరిక మొదట చేసినవారు ప్రభుత్వ సంస్థలవారు, రోగులను చూస్తున్న వైద్యులు. వారు నోరు మూసుకుని ఉంటే టీకాల మీద నమ్మకం నిలిచి ఉండేదా? నేను అలా అనుకోను. దాచిన నిజం పదేళ్ళ తరువాత బయటపడితే జరిగే నష్టానికి లెక్క ఉండదు.

ఆ పిల్లల నిత్యజీవితం మాత్రం లెక్కల్లో కనపడదు. బడిలో తల వాల్చేస్తే ఉపాధ్యాయుడు సోమరి అంటాడు. స్నేహితులు నవ్విస్తే కూలబడిపోతారు గనుక కొందరు నవ్వడం తగ్గించుకుంటారు. ఒళ్ళు పెరుగుతుంది, రాత్రి పీడకలలు. ఈత, సైకిలు, వాహనం నడపడం, అన్నిటికీ ఎవరినో ఒకరిని అడగాలి. స్వీడన్ 2016లో వీరి కోసం ప్రత్యేకంగా పరిహారచట్టం చేసింది. బ్రిటన్‌లో ఏడేళ్ళ వయసున టీకా వేసుకున్న ఒక బాలుడి విషయంలో, వాడి వైకల్యం చట్టం చెప్పినంత తీవ్రమైనది కాదని ప్రభుత్వం వాదించింది. 2017 ఫిబ్రవరిలో అప్పీలు న్యాయస్థానం ఆ వాదాన్ని తోసిపుచ్చి 1,20,000 పౌండ్లు ఇవ్వవలసిందే అన్నది. ఒక్కడు తాను రోజంతా ఎంత నిద్రపోతాడో, ఒంటరిగా బస్సు ఎక్కలేడో న్యాయమూర్తుల ముందు రుజువు చేసుకోవలసి రావడం గురించి చదివినప్పుడు నాకు విన్చ్‌మోర్ హిల్ పిల్లలు గుర్తుకు వచ్చారు.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు, ఎకొనొమో రోగం తిరిగి వస్తుందేమోనని నరాల వైద్యులు నిజంగానే కాచుకుని కూర్చున్నారు. అటువంటి అల రాలేదు. కోవిడ్ టీకాల తరువాత 2010 నాటి స్థాయిలో నార్కొలెప్సీ పెరగడమూ కనపడలేదు. నిద్ర మాత్రం చాలామందికి చెడింది. తలుపులు మూసుకున్న ఇళ్ళల్లో ఆరోగ్యవంతులు అర్ధరాత్రిళ్ళు కళ్ళు తెరుచుకుని పడుకున్నారు. విచిత్రమేమంటే నార్కొలెప్సీ ఉన్నవారిలో కొందరికి ఆ నెలలు కాస్త ఊరట. ఇటలీ తదితర దేశాల్లో అడిగి చూసినప్పుడు, ఇంటి నుంచే పని, చదువు చేసుకున్న కొందరు తమకు పగటి మగత తగ్గిందని చెప్పారు. పొద్దున్నే బస్సు అందుకోనక్కరలేదు. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కునుకు తీస్తే చూసి నవ్వేవారు లేరు. వ్యాధి మారలేదు, వేళలు మారాయి అంతే. అందరికీ అలా జరగలేదు. దినచర్య చెదిరి మరింత బాధపడినవారూ ఉన్నారు. ఆఫీసులు తెరుచుకున్నాక ఊరట పొందినవారిలోనూ చాలామంది మళ్ళీ పాత వేళలకే వెళ్ళవలసి వచ్చింది.

ఇన్నాళ్ళూ నార్కొలెప్సీకి ఇచ్చిన మందులు మెలకువను బలవంతాన నిలబెట్టేవే. పోయిన హైపోక్రెటిన్ స్థానంలో నిలిచి, అది తెరవవలసిన తలుపునే తెరిచే మాత్ర ఒకటి ఇప్పుడు మనుషుల మీద ప్రయోగించి చూశారు. 2025లో ప్రచురితమైన ఫలితాల్లో రోగులు ఆరోగ్యవంతులకు దగ్గరగా మేలుకుని ఉండగలిగారు. 2010లో ఫిన్లాండు, స్వీడన్ బడుల్లో బల్లల మీద తలవాల్చిన పిల్లలు ఇప్పుడు ఇరవైలలో, ముప్ఫైలలో ఉన్నారు.